సీసాల గొడవ తర్వాత, ముందు సీసం సంగతి

ప్రశ్న: డాక్టరుగారికి నమస్కారం. నాకిప్పుడు ఆరో నెల. మా బాబుకి రెండేళ్ల మూడు నెలలు. అమ్మ, నాన్న, బూ, తాత... ఇలా ఓ పది పన్నెండు మాటలే వచ్చు. మొన్న ఫోన్లో ఒక వీడియో చూశాను. ప్లాస్టిక్ సీసాలో వేడిపాలు పోసి పడితే పిల్లల మెదడు దెబ్బతింటుందట. వాడికి ఏడాదిపాటు ఆ సీసాలతోనే పట్టాను. అప్పట్నుంచి ఒకటే టెన్షన్, నిద్ర లేదు. వంటింట్లో ప్లాస్టిక్ అన్నది కనపడకుండా అంతా తీసి పడేశాను. మా అత్తగారేమో "మేం పెరగలేదా, మా పిల్లలకి బుర్రల్లేవా" అంటారు. మావారు పాత బ్యాటరీలు విప్పి రిపేరు చేసే పనిలో ఉన్నారు, ఇల్లు చేరేసరికి రాత్రవుతుంది, ఆయనతో ఇవన్నీ మాట్లాడే తీరిక ఉండదు. దానికి తోడు పుట్టబోయే బిడ్డ కోసమని పాత తలుపులు, కిటికీలు గీకించి రంగులు వేయిస్తున్నాం, ఆ హడావిడి ఒకటి. వాడికి మాటలు రాకపోవడానికి నేనే కారణమా? కడుపులో ఉన్న బిడ్డ విషయంలోనైనా ఏం చేయాలో చెప్పండి.

సమాధానం: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. పైన వేసింది కుదించినది. అసలు ఉత్తరం నాలుగు పేజీలు, అందులో మూడు పేజీలు సీసాల గురించే. మీకు నిద్ర పట్టనివ్వనిది సీసా. నన్ను ఆపేసినవి మాత్రం మీరు మాటవరసకి రాసిన రెండు వాక్యాలు. మీవారు పాత బ్యాటరీలు విప్పుతారన్నది ఒకటి, ఇంట్లో పాత తలుపులు గీకిస్తున్నారన్నది రెండోది.

ముందు ఒక పని చేయండి. ఆ గీకుడు ఆపించండి. ఇవాళే. ఎందుకన్నది ఆ తర్వాత తీరిగ్గా చదవొచ్చు.

పిల్లల మెదడుకి హాని చేసే రసాయనాలు చాలానే ఉన్నాయి. కొన్నిటి మీద శాస్త్రవేత్తలు ఇంకా వాదించుకుంటున్నారు. సీసం (లెడ్) అనే లోహం మీద వాదన ఎప్పుడో ముగిసిపోయింది. పాతకాలపు ఆయిల్ పెయింట్లలో తెల్లదనానికీ, పసుపు రంగుకీ, త్వరగా ఆరడానికీ సీసం కలిపేవారు. కొన్నిటిలో ఆరిన పూత బరువులో సగం దాకా అదే ఉండేది. ఆ పూత చెక్కకి గట్టిగా అంటుకుని ఉన్నంతకాలం దానివల్ల పెద్ద ఇబ్బంది లేదు. పొడిగా ఉప్పుకాగితం పెట్టి రుద్దినప్పుడు, మంట చూపించి కాల్చినప్పుడు అసలు కథ మొదలవుతుంది. మీ తలుపుల మీది రంగు ఏ కాలందో, అందులో ఏముందో నాకు తెలియదు. పరీక్ష చేయించి లేదని తేలేదాకా ఉందనుకునే నడుచుకోండి.

పెచ్చులు తింటేనే ప్రమాదం అనుకుంటారు చాలామంది. పెచ్చులు తినక్కర్లేదు. మీ బాబుని ఓ పది నిమిషాలు ఊరికే గమనించండి. కిటికీ పట్టుకుని నిలబడతాడు. బొమ్మకారుని ఆ కిటికీ గట్టు మీద బర్రుమని నడిపిస్తాడు. కారు కింద పడుతుంది, తీస్తాడు, చక్రం నోట్లో పెట్టుకుంటాడు. ముక్కు తుడుచుకుంటాడు, అదే చేత్తో బిస్కెట్ అందుకుంటాడు, వేలు చీకుతూ మీ ఒళ్లోకి వస్తాడు. రెక్క తీసి మూసినప్పుడల్లా చెక్కకి చెక్క రాసుకుని అదే గట్టు మీద సన్నటి పొడి రాలుతుంది. వేలితో తీస్తే బూడిదలా తగులుతుంది, చూపుకి మామూలు దుమ్మే. వాసన రాదు, గొంతు మండదు. వాడికి జ్వరమూ రాదు. అందుకే ఎవరికీ అనుమానం రాదు.

మనం మింగిన సీసంలో ఒంటికి పట్టేది కొంచెమే. పసిపిల్లల పేగు అదే మోతాదులో నాలుగైదు రెట్లు ఎక్కువ పీల్చుకుంటుంది. దీనికి కారణం సీసానికున్న మారువేషం. శరీరం దాన్ని కాల్షియం అనుకుని ఎముకల్లో దాచుకుంటుంది. పేగులో ఇనుము లోపలికి పోయే దారిలోనే ఇదీ దూరుతుంది. ఒంట్లో ఇనుము తక్కువైతే పేగు ఆ దారిని ఇంకా బార్లా తెరుస్తుంది, అప్పుడు సీసానికి మరీ సులువు. రక్తహీనత ఉన్న పిల్లల విషయంలో మేం ఎక్కువ కంగారు పడేది అందుకే. మెదడులో ఒక కణం ఇంకో కణానికి కబురు పంపడానికి కాల్షియం కావాలి. కొత్త సంగతి నేర్చుకున్నప్పుడు కణాల మధ్య బంధం గట్టిపడడానికీ అదే కావాలి. ఆ స్థానంలో సీసం వచ్చి కూర్చుంటే కబురు తప్పుగా పోతుంది, లేదా అసలు పోదు.

పెద్దవాళ్ల మెదడు కట్టేసిన ఇల్లు. మీ బాబుది ఇంకా కడుతున్న ఇల్లు. పుట్టినప్పుడు పెద్దవాళ్ల మెదడులో పావువంతు ఉన్నది రెండేళ్లు దాటేసరికి ముప్పావువంతు అయిపోతుంది. ఆ తొలి సంవత్సరాల్లో కణాల మధ్య కొత్త బంధాలు క్షణానికి లక్షల్లో ఏర్పడతాయని లెక్క. గోడ కట్టాక సిమెంటులో మట్టి కలిపితే గోడకేమీ కాదు, కట్టేటప్పుడు కలిపితే గోడ నిలవదు. అందుకే ఇక్కడ మోతాదు ఎంత ముఖ్యమో వేళ అంత ముఖ్యం.

ఈ సంగతి తేల్చిన కథ ఒకటి నాకు చాలా ఇష్టం. 1970ల్లో హెర్బర్ట్ నీడిల్‌మన్ అనే అమెరికా డాక్టరు బోస్టన్ పక్కనున్న చెల్సీ, సోమర్‌విల్ ఊళ్లలో ఒకటీ రెండూ తరగతుల పిల్లల నుంచి ఊడిన పాలపళ్లు అడిగి తీసుకున్నాడు. రెండువేల మందికి పైగా పిల్లలు పళ్లు ఇచ్చారు. రక్తంలోని సీసం నిన్నామొన్నటి సంగతే చెబుతుంది, పంటిలో చేరింది ఏళ్లనాటి లెక్క చెబుతుంది. ఏ పిల్లాడి పంటిలో ఎంతుందో టీచర్లకి చెప్పకుండా వాళ్ల నడవడి గురించి అడిగాడు. సీసం పెరిగినకొద్దీ "ధ్యాస నిలవదు, చెప్పింది పూర్తి చేయడు" అన్న జవాబులు మెట్లుమెట్లుగా పెరుగుతూ పోయాయి. తెలివితేటల పరీక్షల్లో మార్కులూ తగ్గాయి. ఈ పిల్లల్లో ఎవరికీ సీసం విషం ఎక్కిందని ఏ డాక్టరూ చెప్పలేదు, వాళ్లంతా మామూలుగా బడికి పోతున్న పిల్లలే. 1979లో ఆ ఫలితాలు వెలువడ్డాయి. సీసం కంపెనీల తరఫువాళ్లు ఆయన్ని చాలా ఏళ్లు తిప్పలు పెట్టారు. ఫలితాలు మాత్రం నిలబడ్డాయి.

అక్కణ్నుంచి అంకెలు దిగుతూ వచ్చాయి. అమెరికాలో 1960ల్లో పిల్లల రక్తంలో సీసం డెసిలీటరుకి (అంటే వంద మిల్లీలీటర్లకి) 60 మైక్రోగ్రాములు దాటితేనే పట్టించుకునేవారు. 1991లో అది 10కి, 2012లో 5కి, 2021లో 3.5కి వచ్చింది. ఈ 3.5 కూడా "ఇంతవరకు ఫర్వాలేదు" అని గీసిన గీత కాదు, మిగతా పిల్లలకంటే ఎక్కువ ఉన్నవాళ్లని గుర్తుపట్టడానికి పెట్టుకున్న గుర్తు. సురక్షితమైన మోతాదంటూ తెలిసినది ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. 2005లో ఏడు అధ్యయనాల్లోని 1,333 మంది పిల్లల లెక్కలు కలిపి చూస్తే ఒక విచిత్రం బయటపడింది. రక్తంలో సీసం 2.4 నుంచి 10కి పెరిగితే ఐక్యూ సుమారు 4 పాయింట్లు తగ్గింది. 10 నుంచి 20కి పెరిగితే తగ్గింది 2 లోపే. అంటే మొదటి చుక్కే ఎక్కువ దెబ్బ కొడుతుంది.

ఇక మీ అత్తగారి మాట. ఆవిడ మీద నాకు కోపమేం లేదు, ఆ ప్రశ్న అడగాల్సిందే. పెట్రోల్లో సీసం కలపడం 1920ల్లో మొదలైంది. ప్రపంచంలో చిట్టచివరి దేశంగా అల్జీరియా దాన్ని ఆపింది 2021లో. ఆవిడా, నేనూ, మన తరాలన్నీ ఆ పొగ పీల్చే పెరిగాం. బతికాం, చదువుకున్నాం, ఉద్యోగాలు చేశాం. కానీ ఆ సీసం లేకుండా పెరిగి ఉంటే ఎలా ఉండేవాళ్లమో పోల్చి చూడడానికి ఇంకొక "మనం" లేరు కదా. ఒక్క పిల్లాడిలో నాలుగైదు పాయింట్లు తగ్గితే ఇంట్లోవాళ్లకి కాదు, నాకే తెలియదు. అదే లెక్క ఊరంతటికీ వేసి చూడండి. ఐక్యూ సగటు 100 ఉన్నచోట 70 కంటే తక్కువ ఉండేవాళ్లు వెయ్యికి 23 మంది. సగటు 95కి జారితే వాళ్లు 48 మంది అవుతారు. అటు 130 దాటిన మహా చురుకైనవాళ్లు 23 నుంచి పదికి పడిపోతారు. "మా పిల్లలకి బుర్రల్లేవా" అంటే ఉన్నాయి. ఆ వెయ్యిమందిలో ఎవరి బుర్ర ఎంత తరిగిందో చెప్పే కొలబద్దే లేదు. యూనిసెఫ్, ప్యూర్ ఎర్త్ సంస్థలు కలిసి 2020లో ఇచ్చిన నివేదిక ప్రకారం ప్రపంచంలో ప్రతి ముగ్గురు పిల్లల్లో ఒకరి రక్తంలో సీసం 5 లేదా అంతకంటే ఎక్కువ ఉంది. పాత బ్యాటరీల్ని పద్ధతీ పాడూ లేకుండా విప్పి కరిగించడం దానికి పెద్ద కారణాల్లో ఒకటని కూడా అందులోనే ఉంది.

దాంతో మీవారి దగ్గరికి వస్తున్నాను. దీన్ని ఆయన మీద నేరంగా మోపకండి. ఆయన సంపాదిస్తున్నది మీ అందరికోసమే. "నీ పనివల్లే వాడికి మాటల్లేవు" అన్న మాట మీ నోటివెంట వచ్చిందంటే ఆ తర్వాత చెప్పేది ఏదీ ఆయన చెవికెక్కదు. పైగా అది నిజమని మనకి తెలియదు కూడా. "డాక్టరుగారు మీకూ రక్తపరీక్ష చేయించమన్నారు" అని మొదలుపెట్టండి. అది నిజం కూడా. పెద్దవాళ్లలో సీసం బీపీ పెంచుతుంది, కిడ్నీల్ని దెబ్బతీస్తుంది, కాబట్టి ఆయన గురించీ నాకు బెంగే.

బ్యాటరీల్లోని సీసం ప్లేట్ల పొడి ఆయన చొక్కా మడతల్లో, జుట్టులో, చెప్పుల అడుగున, బండి సీటు మీద, ఫోన్ కవరు మీద ఇంటికొస్తుంది. తండ్రి గుమ్మంలో కాలు పెట్టగానే పిల్లాడు పరిగెత్తుకొచ్చి కాళ్లకి చుట్టుకుంటాడు. ఆ సంతోషం చెడగొట్టమనను గానీ ఓ పావుగంట వాయిదా వేయండి. వీలైతే పనిచోటే స్నానం చేసి, బట్టలు మార్చుకుని రావాలి. కుదరకపోతే ఇంటికి రాగానే ఎవర్నీ ముట్టుకోకుండా నేరుగా స్నానానికి. ఆ బట్టలు దులపకూడదు. విడిగా సంచిలో వేసి విడిగా ఉతకాలి, ఉతికేది మీరు కాకూడదు. చెప్పులు గడప బయటే. టిఫిన్ డబ్బా పనిచేసే బల్ల మీద పెట్టకూడదు, చేతులు సబ్బుతో కడగకుండా అన్నం, టీ, సిగరెట్ ఏదీ ముట్టకూడదు. పాత ప్లేట్లు గానీ సీసం ముద్దలు గానీ ఇంటికి తేవడం, ఇంట్లో కరిగించడం అసలే వద్దు. నైజీరియాలోని జాంఫారా ప్రాంతంలో ఇళ్ల దగ్గరే బంగారు ఖనిజం దంచి పొడి చేశారు. ఆ ఖనిజంలో సీసం ఉంది. 2010లో బయటపడేసరికి వందల మంది పిల్లలు చనిపోయారు. మీ ఇంట్లో పరిస్థితి అలాంటిదని కాదు. దుమ్ము ఇల్లు చేరితే ఏమవుతుందో దానికంటే గట్టిగా చెప్పే ఉదాహరణ నాకు తెలియదు.

తలుపుల పని మళ్లీ మొదలుపెట్టాలంటే మీరూ బాబూ ఆ ఇంట్లో ఉండకూడదు. ఒకరోజు పక్కగదిలో సర్దుకోవడం కాదు, పని పూర్తయి శుభ్రం చేసేదాకా వేరే ఇంట్లో ఉండండి. పాత పూత గట్టిగా ఉన్నచోట గీకకుండా దానిమీదే కొత్త రంగు వేయించడం మేలు. గీకక తప్పనిచోట నీళ్లు చల్లి తడిగా గీకాలి, కింద ప్లాస్టిక్ షీటు పరిచి పెచ్చులన్నీ అందులోనే మూటకట్టి తీసేయాలి. చీపురు వాడొద్దు, మామూలు వాక్యూమ్ క్లీనరూ వద్దు, రెండూ దుమ్ముని గాల్లోకి లేపుతాయి. సబ్బునీళ్లలో ముంచిన గుడ్డతో నేల, ముఖ్యంగా కిటికీ గట్లు తుడవాలి, గుడ్డ జాడించే నీళ్లు మాటిమాటికీ మార్చాలి. కొత్తగా కొనే రంగు సీసం లేనిదై ఉండాలి. ఘాటు వాసన పోయేదాకా ఆ గదిలో మీరు పడుకోవద్దు. రంగుల్లోని టొలుయిన్‌లాంటి ద్రావకాలు కూడా కడుపులో బిడ్డకి మంచివి కావు.

కడుపులో ఉన్న బిడ్డకి మాయ (ప్లాసెంటా) అడ్డంగా ఉంటుంది కదా అని అడగొచ్చు. డాక్టర్లు కూడా ఒకప్పుడు అదే నమ్మేవారు. ఆ నమ్మకం జపాన్‌లోని మినమాటాలో కూలిపోయింది. అక్కడ చిస్సో అనే కంపెనీ ఫ్యాక్టరీ పాదరసం కలిసిన వ్యర్థాల్ని ఏళ్లతరబడి సముద్రపు అఖాతంలోకి వదిలింది. అది మిథైల్ మెర్క్యురీగా చేపల్లో చేరింది, చేపలు తిన్న పిల్లులు పిచ్చెత్తినట్టు గెంతి చచ్చాయి, మనుషులకి చేతులు వణికాయి, చూపు కుంచించుకుపోయింది. 1956 మే 1న ఆ జబ్బు అధికారికంగా నమోదైంది. కానీ అదే ఊళ్లలో మెడ నిలపలేని, మాట రాని పసిపిల్లలు పుడుతుంటే వాళ్లది వేరే జబ్బు అన్నారు. తల్లులు బాగానే ఉన్నారు, పిల్లలు ఆ చేపలు తిననే లేదు, విషాన్ని మాయ ఆపేస్తుంది, ఇదీ వాళ్ల వాదన. "నాలోని విషం బిడ్డ లాగేసుకుంది, అందుకే నేను బాగున్నాను" అని తల్లులే ముందు పసిగట్టారు. 1962లో గానీ ఆ పిల్లల జబ్బు పాదరసం వల్లేనని ఒప్పుకోలేదు. తర్వాత, ఇళ్లలో చిన్న పెట్టెల్లో దాచుకున్న ఎండిన బొడ్డుతాళ్లు తెప్పించి కొలిస్తే వాటిలో పాదరసం దొరికింది.

సీసానికీ మాయ అడ్డు కాదు. తల్లి రక్తంలో ఎంతుంటే బిడ్డ రక్తంలో దాదాపు అంత ఉంటుంది. పైగా ఎప్పుడో మీ చిన్నప్పుడు ఎముకల్లో చేరిన సీసం బిడ్డకి కాల్షియం అవసరమైనప్పుడు ఎముక కరిగి మళ్లీ రక్తంలోకి వస్తుంది. రక్తంలో సీసం నెలకి సగమవుతుంది గానీ ఎముకలో పదుల ఏళ్లు ఉంటుంది. కాబట్టి మీ డాక్టరు రాసిన కాల్షియం, ఐరన్ మాత్రలు మానకండి. "వేడి చేస్తుంది, మలబద్ధకం" అని ఐరన్ మాత్ర పక్కన పెట్టేవాళ్లని రోజూ చూస్తుంటాను. ఇబ్బందిగా ఉంటే మందు మార్చమని అడగండి, మానేయొద్దు.

మినమాటా కథ చదివి చేపలు మానేయకండి. తినే అలవాటుంటే తినండి, బిడ్డ మెదడుకి కావాల్సిన కొవ్వులు వాటిలో ఉన్నాయి. సొరచేప, కత్తిచేప లాంటి పెద్ద వేటచేపలు మాత్రం వద్దు. చిన్నచేపని తిన్న పెద్దచేపలో, దాన్ని తిన్న ఇంకా పెద్దచేపలో పాదరసం పోగవుతూ పోతుంది.

పురుగుమందుల సంగతి కూడా కొంచెం చెప్పాలి, ఎందుకంటే బొద్దింక కనపడగానే స్ప్రే కొట్టే ఇళ్లే ఎక్కువ. ఆర్గానోఫాస్ఫేట్ జాతి మందులు పురుగు నరాల్లో ఒక ఎంజైమ్‌ని స్తంభింపజేసి చంపుతాయి. ఆ ఎంజైమ్ మనకీ ఉంది. ఈ మందుల్ని విరిచేసే శక్తి పసికందుల్లో చాలా తక్కువ. వీటిలో క్లోర్‌పైరిఫాస్ అనేది గర్భంలో ఉండగా ఎక్కువ తగిలిన పిల్లల్లో జ్ఞాపకశక్తి, ఐక్యూ తగ్గినట్టు న్యూయార్క్‌లో తల్లీబిడ్డల్ని ఏళ్లతరబడి వెంటాడి చూసినవాళ్లు 2011లో చెప్పారు. అదే ఏడాది కాలిఫోర్నియాలో పొలం పనులవాళ్ల పిల్లల్లోనూ ఈ జాతి మందులతో ఇలాంటి ఫలితమే వచ్చింది. యూరోపియన్ యూనియన్ క్లోర్‌పైరిఫాస్‌ని 2020లో నిషేధించింది. 2025లో స్టాక్‌హోమ్ ఒప్పందం (ఏళ్లతరబడి పోని విషరసాయనాల మీద దేశాలు చేసుకున్న ఒప్పందం) కింద ప్రపంచమంతా దశలవారీగా తీసేయాల్సిన జాబితాలో చేర్చారు. మీరు ఇంట్లో స్ప్రేలు ఆపేయండి. గోడ సందులు పూడ్చడం, రాత్రి ఎంగిలి గిన్నెలు ఉంచకపోవడం, మూలల్లో పిల్లాడికి అందని చోట జెల్ చుక్కలు పెట్టడం, దోమలకి వల. కూరలు, పళ్లు పారే నీళ్లలో బాగా రుద్ది కడగండి.

బావి నీళ్లో, బోరు నీళ్లో తాగుతుంటే ఆర్సెనిక్, ఫ్లోరైడ్ ఒకసారి పరీక్ష చేయించండి. ఫ్లోరైడ్ లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటిన చోట్ల పిల్లల ఐక్యూ తగ్గుదల కనపడుతోందని అమెరికాలోని నేషనల్ టాక్సికాలజీ ప్రోగ్రామ్ 2024లో తేల్చింది. వాహనాల పొగ సంగతికొస్తే, బార్సిలోనాలో 39 బడుల పిల్లల్ని ఏడాదిపాటు చూశారు. పొగ ఎక్కువున్న బడుల్లో పిల్లల వర్కింగ్ మెమరీ (విన్నదాన్ని కాసేపు బుర్రలో పట్టి ఉంచి వాడుకునే శక్తి) 7.4 శాతం పెరిగితే, తక్కువున్న బడుల్లో 11.5 శాతం పెరిగింది. ట్రాఫిక్ రద్దీ వేళల్లో రోడ్డువైపు కిటికీలు మూసి ఉంచండి. అంతకు మించి ఒక ఇంట్లో చేయగలిగింది తక్కువే.

ఇప్పుడు మీ సీసాలు. బిస్ఫినాల్-ఎ అనే రసాయనం కొన్ని గట్టి ప్లాస్టిక్ పాలసీసాల్లో ఉండేది. యూరోపియన్ యూనియన్ 2011లో పాలసీసాల్లో దాన్ని నిషేధించింది, తర్వాత చాలాచోట్ల వాడకం పోయింది. ప్లాస్టిక్‌ని మెత్తబరిచే థాలేట్లు గర్భంలో ఎక్కువ తగిలితే మాటలు ఆలస్యమవుతాయని చెప్పిన అధ్యయనాలున్నాయి. అవి వందల మంది పిల్లల సగటు లెక్కలు, పైగా గర్భంలో ఉన్నప్పటి సంగతి. మీరు పట్టిన సీసా వల్ల మీ బాబుకి మాటలు రాలేదని చెప్పగల పరీక్ష ప్రపంచంలో లేదు. ఉందని చెప్పే వీడియోని నమ్మొద్దు. వేడి తగిలితే ప్లాస్టిక్ నుంచి ఎంతోకొంత పాలలోకి దిగుతుందన్నది నిజమే కాబట్టి రేపటి బిడ్డకి గాజుదో స్టీలుదో వాడండి, లేదా పాలు ఆరాక పోయండి. అంతవరకే ఆ విషయం. పారేసినవి పారేశారు, వాటి గురించి ఇంకో రాత్రి నిద్ర పాడుచేసుకోకండి. పైన చెప్పిన తడిగుడ్డ ఇక్కడా పనికొస్తుంది. థాలేట్లు, పాత సోఫా ఫోముల్లో మంటలంటుకోకుండా కలిపే రసాయనాలు, ఇవన్నీ చివరికి చేరేది ఇంటి దుమ్ములోకే.

మాటల విషయం మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. రెండేళ్లకి సుమారు యాభై మాటలు, "అమ్మ దా", "బూ కావాలి" లాంటి రెండేసి మాటల జతలు రావాలి. మీవాడు వెనకబడ్డాడు. "మగపిల్లలకి మాటలు ఆలస్యం, మూడేళ్లకి వాళ్లే మాట్లాడతారు" అని ఆగమనేవాళ్లు మీ చుట్టూ కచ్చితంగా ఉంటారు. ఆగొద్దు. ముందు చెవి పరీక్ష చేయించండి, పిలిస్తే పలుకుతున్నాడని వదిలేయకుండా ఆడియాలజిస్టు దగ్గర సరైన పరీక్ష. తర్వాత పిల్లల ఎదుగుదల చూసే డాక్టరుకి చూపించండి. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూస్తాడా, వేలు పెట్టి చూపిస్తాడా, మీ కళ్లలోకి చూసి నవ్వుతాడా అన్నవి వాళ్లు అడుగుతారు, ఇప్పట్నుంచే గమనించి పెట్టుకోండి. రక్తంలో ఐరన్, సీసం కూడా అప్పుడే చూపించేయొచ్చు. కారణం తేలేదాకా స్పీచ్ థెరపీ ఆపనక్కర్లేదు, రెండూ పక్కపక్కనే నడుస్తాయి.

సీసం ఉందని తేలితే దాన్ని కడిగేసే మందుల కోసం పరుగెత్తకండి. అమెరికాలో రక్తంలో సీసం 20 నుంచి 44 మధ్య ఉన్న 780 మంది పిల్లలకి సక్సిమర్ అనే మందో, ఉత్తుత్తి మాత్రో ఇచ్చి మూడేళ్లు చూశారు. మందు రక్తంలో సీసాన్ని తగ్గించింది, 2001లో ఫలితాలు వచ్చాయి, పిల్లల తెలివితేటల పరీక్షల్లో మాత్రం తేడా రాలేదు. 45 దాటితే ఆస్పత్రిలో ఆ మందు ఇవ్వాలి, ప్రాణం మీదికి రాకుండా. అంతకంటే తక్కువైతే అసలు వైద్యం సీసం వచ్చే దారి మూయడమే. "రక్తం శుద్ధి చేస్తాం, డీటాక్స్ చేస్తాం" అంటూ అమ్మే పొడుల్లోనే సీసం, పాదరసం దొరికిన సందర్భాలున్నాయి, వాటి జోలికి వెళ్లొద్దు. ఒక మంచి మాట కూడా చెప్పాలి. సీసం పెట్టి పెంచిన ఎలుకపిల్లల్ని ఉత్త బోనులో ఉంచితే నేర్చుకోలేకపోయాయి. తోడు ఎలుకలు, ఆడుకునే వస్తువులు ఉన్న బోనులో ఉంచినవి చాలావరకు పుంజుకున్నాయి. మనుషుల్లో అంత తేలిగ్గా రుజువు చేయలేం గానీ, ఒళ్లో కూర్చోబెట్టుకుని బొమ్మల పుస్తకం చూపించడానికి, గిన్నెలు తోముతూ "ఇది గరిటె, ఇది మూత" అని వాడితో వాగడానికి రుజువుల కోసం ఆగక్కర్లేదు.

పరీక్ష ముగ్గురికీ చేయించండి: మీకు, బాబుకి, మీవారికి. బాబుది 3.5 దాటితే, మీది 5 దాటితే ఆ రిపోర్టు మీ డాక్టర్లిద్దరికీ, అంటే పిల్లల డాక్టరుకీ, మీ కాన్పు డాక్టరుకీ చూపించాలి. బాబుకి వేలి కొసన సూదిగుచ్చి తీసిన రక్తంలో ఎక్కువ వస్తే వెంటనే బెంబేలెత్తకండి. వేలి మీదున్న దుమ్మే ఆ చుక్కలో కలిసి ఉండొచ్చు. చెయ్యి సబ్బుతో కడిగి, మోచేతి దగ్గర నరం నుంచి తీసిన రక్తంతో ఇంకోసారి చేయించాకే ఆ అంకెని నమ్మండి. నాకు మళ్లీ రాసేటప్పుడు అంకెతో పాటు యూనిట్ కూడా రాయండి. కొన్ని ల్యాబులు డెసిలీటరుకి మైక్రోగ్రాముల్లో ఇస్తాయి, కొన్ని లీటరుకి మైక్రోమోల్స్‌లో. రెండో లెక్కలో 1 అంటే మొదటి లెక్కలో 20.7. "రిపోర్టులో ఒకటే వచ్చింది, ఏం లేదన్నమాట" అని ఊపిరి పీల్చుకుని ఇంటికెళ్లిపోయిన తల్లిదండ్రుల్ని వెనక్కి పిలిపించాల్సి వచ్చింది ఒకసారి.